రాయికి వెనుక వైపు

సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ అనే రాతితో చేసిన వస్తువులు ఉంచిన గదిలో, ఒక అద్దాల పెట్టె ముందు, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెడను ఒక పక్కకు వంచి, మా నాన్నగారు చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆయనకు డెబ్బై ఏడేళ్లు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. వెనుక నుంచి వస్తున్న ఒక కుటుంబం వాళ్లు పెద్దాయనకు కళ్లు తిరుగుతున్నాయేమోనని కంగారుపడి, మంచినీళ్లు కావాలా అని అడిగారు. ఆయనకు ఏమీ కాలేదు. పెట్టెలో ఉన్న కత్తి పిడికి అవతలి వైపు ఎలా ఉందో ఏదో ఒక కోణం నుంచి చూడాలని ఆయన ఆరాటం.

రాళ్లు పొదిగే పనిలో నలభై రెండేళ్లు గడిపిన మనిషికి నగను ముందు నుంచి చూసే అలవాటు ఉండదు. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇరుకు సందులో, మేడ మీది గదిలో, కిటికీ పక్కన నేల మీద కూర్చొని ఆయన పని చేసేవారు. బడి సెలవుల్లో నేను ఆయనకు అన్నం క్యారియర్ పట్టుకొని వెళ్లి, తిరిగి ఇంటికి పొమ్మనే వరకు అక్కడే కూర్చొనేవాణ్ని. ఎవరైనా పాత నగను బాగుచేయమని తెస్తే, ఆయన దాన్ని చేతిలోకి తీసుకోగానే తిరగేసేవారు. వెనుక రేకు ఎంత మందం ఉంది, లోపలి లక్క ఎక్కడైనా వదిలిందా, ఇదివరకు ఎవరైనా విప్పి మళ్లీ మూశారా అన్నవి చూసుకున్న తరువాతే ముఖం వైపు తిప్పేవారు. నగ తెచ్చిన వాళ్లు రాళ్ల గురించి ఎంత గొప్పగా చెబుతున్నా ఆ వరుస మారేది కాదు.

మేము మ్యూజియానికి వెళ్లింది ఆదివారం. శుక్రవారం దానికి సెలవు; మిగిలిన రోజుల్లో పిల్లలకు బడి, మాకు ఉద్యోగాలు; కనుక ఎంత రద్దీ ఉన్నా ఆదివారమే కుదిరింది. నేను, నా భార్య, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, నాన్నగారు, కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న అత్తమ్మ, మొత్తం ఆరుగురం. ఎంజీబీఎస్ వరకు మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి రెండు ఆటోల్లో దారుల్‌షిఫా చేరాము. దారి పొడుగునా మా అబ్బాయి ఒకే మాట అడుగుతున్నాడు: నిజాం వజ్రం ఎన్నో గదిలో ఉంటుంది?

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నాకు కొంత ధైర్యం కావలసి వచ్చింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన వాళ్లలో కూడా చాలామంది సాలార్‌జంగుల సేకరణను, నిజాముల నగలను ఒకటే అనుకుంటారు. సాలార్‌జంగులు నిజాముల దగ్గర దివాన్లు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి 1914 వరకు ఏడవ నిజాముకు దివానుగా ఉండి, ఆ పదవి వదిలిన తరువాత మిగిలిన జీవితమంతా వస్తువులు సేకరిస్తూ గడిపారు. తాతల నాటి నుంచి వచ్చిన వాటికి తాను కొన్నవి కలిపి, పెళ్లి చేసుకోకుండానే 1949లో కన్నుమూశారు. వాటితో 1951 డిసెంబర్ 16న వాళ్ల నివాసమైన దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి అది 1968లో మారింది. నిజాముల నగల కథ వేరు. ఏడవ నిజాం వాటిని ట్రస్టుల కింద పెట్టారు. ఎన్నో ఏళ్ల వ్యాజ్యాల తరువాత 1995లో భారత ప్రభుత్వం 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొని, రిజర్వు బ్యాంకు ఖజానాలో భద్రపరిచింది. 2001లో ఒకసారి, 2006లో మరొకసారి అవి సాలార్‌జంగ్ మ్యూజియానికి ప్రదర్శన కోసం వచ్చి, మళ్లీ వెళ్లిపోయాయి.

ఇదంతా ఆటోలో చెబితే మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. వాడి నిరాశ కాస్త తగ్గించడానికి జాకబ్ వజ్రం కథ చెప్పాను. 184.75 క్యారెట్లు, అంటే దాదాపు 37 గ్రాములు. కోహినూరు ఇప్పుడున్న బరువు 105.6 క్యారెట్లే. 1891లో జాకబ్ అనే వర్తకుడు దాన్ని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అమ్మజూపడం, ఆ బేరం చెడి కలకత్తా హైకోర్టు దాకా వెళ్లడం, ఆ తరువాత విసుగెత్తిన నిజాం దాన్ని ఎక్కడో పడేయడం, ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రి పాత బూటు ముందు భాగంలో దొరకడం, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడడం, ఇవన్నీ వాడు నోరు తెరుచుకొని విన్నాడు. అయితే ఒక మాట కూడా తప్పకుండా చెప్పాను: ఆ వజ్రం మన నేలది కాదు, దక్షిణాఫ్రికా గనిలో దొరికింది. నిజాం వజ్రం అనగానే గోల్కొండ వజ్రమని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు పిల్లలకు అంటకూడదని నా పట్టుదల.

2001లో ఆ నగలు వచ్చినప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. నాన్నగారు ఒక రోజు పని మానుకొని నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు. పొడవాటి వరుసలో నిలబడి, తనిఖీలన్నీ దాటి లోపలికి వెళ్లాక, జనమంతా జాకబ్ వజ్రం చుట్టూ మూగితే ఆయన అటువైపు ఒకసారి చూసి ముందుకు నడిచారు. ఏడు పేటల ముత్యాల హారం సత్‌లడా ముందు మాత్రం కాసేపు ఆగారు. 465 ముత్యాలు అని నేను చదివి చెబితే, లెక్క కాదు, వాటిలో ఎంత జత కుదిరిందో చూడమన్నారు. ఒకే మెరుపున్న ముత్యాలను అన్నింటిని ఏరి పేట పేటకు సరిపోయేలా కూర్చడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో ఆలోచించమన్నారు. ఆ తరువాత బాజుబందుల దగ్గరకు వెళ్లి, అప్పుడూ ఇలాగే మెడ పక్కకు వంచారు. నాకు ఆ రోజు సిగ్గుగా అనిపించింది. వెనుక నుంచి జనం తోస్తున్నారు, కావలి వాళ్లు కదలమంటున్నారు, ఈయన మాత్రం అంచు వెంబడి కళ్లు పెట్టి ఏదో వెతుకుతున్నారు. ఇంటికి వస్తుండగా బస్సులో చెప్పారు, అంచు దగ్గర ఆకుపచ్చ, ఎరుపు మీనా రంగు (లోహం మీద కాల్చి అతికించే గాజు పూత) కొద్దిగా కనిపించిందని, అంటే వెనుకంతా మీనా పని చేసి ఉంటారని. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న తృప్తి నాకు ఇరవై ఏళ్లు దాటిన తరువాత, ఇప్పుడు పిల్లలతో వచ్చినప్పుడు గాని అర్థం కాలేదు.

జేడ్ గదికి వస్తాను. మా నాన్నగారు దాన్ని ఉర్దూ మాటతో యష్మ్ అనే అంటారు. నూర్జహాన్‌దని చెప్పే పండ్లు కోసే కత్తి, జహంగీర్‌దని చెప్పే రత్నాల బాకు, షాజహాన్ బిరుదు చెక్కిన బొటనవేలి ఉంగరం, ఇల్‌టుట్‌మిష్ పేరున్న పుస్తక పీఠం, వీటిని చూడడానికే చాలామంది వస్తారు. ఉంగరం దగ్గర మా అబ్బాయి ఆగిపోయాడు. అది అలంకారం కాదని, వింటి నారిని బొటనవేలితో లాగేటప్పుడు వేలు తెగకుండా తొడుక్కొనే కవచమని చెప్పగానే వాడు వెంటనే తన బొటనవేలు వంచి, లేని విల్లును లాగి చూశాడు. దాని మీద ఉన్న సాహెబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ అనే బిరుదుకు రెండవ శుభగ్రహ సంయోగ ప్రభువు అని అర్థం, మొదటివాడు మొఘలుల పూర్వీకుడు తైమూరు. విషం కలిపిన ఆహారం వడ్డిస్తే జేడ్ పాత్ర పగిలిపోతుందని ఆ రోజుల్లో నమ్మేవారని మా అమ్మాయి ఎక్కడో చదివిన సంగతి చెప్పింది. పాత్ర పగలడం మాట అటుంచి, దాన్ని పగలగొట్టడమే కష్టమని నాన్నగారు అన్నారు.

ఆ మాట పూర్తిగా నిజం. ఈ మొఘల్ వస్తువులను చేసిన జేడ్ నెఫ్రైట్ అనే ఖనిజం. మధ్య ఆసియాలో ఖోటాన్ దగ్గర నదుల్లో దొరికే గుండ్రాళ్ల రూపంలో అది వర్తకుల చేతుల మీదుగా మొఘల్ కర్మాగారాలకు చేరేది. ఇనుము తక్కువ ఉంటే తెల్లగా, ఎక్కువైన కొద్దీ ఆకుపచ్చగా ఉంటుంది. కాఠిన్యంలో అది వజ్రానికి, కెంపుకు ఎంతో దూరం. గీతను తట్టుకొనే గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే కొలతలో వజ్రానికి 10, కెంపుకు 9 అయితే దీనికి 6 లేదా 6.5. కాని లోపల పీచులాంటి సన్నని స్ఫటికాలు తాడు పేనినట్టు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. అందువల్ల సుత్తి దెబ్బకు వజ్రం చీలిపోవచ్చు గాని జేడ్ అంత సులభంగా లొంగదు. గీరితే గీత పడే రాయి, కొడితే విరగని రాయి. అందుకే దాన్ని శిల్పి ఉలితో చెక్కినట్టు చెక్కలేరు. అరగదీయాలి. పువ్వు రేకులా కనిపిస్తున్న ప్రతి వంపూ, కాగితమంత పలుచనైన ప్రతి గిన్నె అంచూ, ఇసుక కన్నా గట్టిదైన పొడిని నీళ్లతో తడిపి, తిరిగే చక్రంతో గంటలు, రోజులు, నెలలు రుద్ది తీసినవే.

ఆ గట్టి పొడి పేరు కురువిందం. ఇక్కడ నేను కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి కళ్లలో మెరుపు చూశాను. ఇంగ్లీషు వాళ్లు కోరండం అని పిలిచే ఖనిజానికి ఆ పేరు మన దక్షిణాది భాషల నుంచే వెళ్లింది. స్వచ్ఛమైన అల్యూమినియం ఆక్సైడుకు రంగు ఉండదు. అందులో రవ్వంత క్రోమియం చేరితే అదే కెంపు. ఇనుము, టైటానియం చేరితే అదే నీలం. ఏ రంగుకూ నోచుకోక, మురికిగా, మసకగా మిగిలినది సాన పట్టేవాడి చేతిలో పొడి అవుతుంది. అంటే జేడ్ పిడి మీద కెంపును కూర్చోబెట్టడానికి గుంట తవ్వినది ఆ కెంపుకు స్వయానా తోడబుట్టిన రాయే. ఒకటి రాజు నడుము దగ్గరకు చేరింది, మరొకటి నీళ్లతో కొట్టుకుపోయింది. మా అమ్మాయి ఆ మాట విని, అయితే తాతా, ఈ పెట్టెలో పొడి కూడా పెట్టాలి కదా అంది. నాన్నగారు ఆమె తల నిమిరారు.

పెట్టెల్లో ఎర్రగా కనిపించే ప్రతి రాయీ కెంపు కాదని కూడా ఆయన పిల్లలకు చెప్పారు. మొఘలులు లాల్ అని ప్రాణంగా చూసుకొన్న రాళ్లలో చాలా భాగం స్పినెల్‌లు. మధ్య ఆసియాలోని బదఖ్షాన్ కొండల నుంచి వచ్చినవి. కెంపు, స్పినెల్ వేరు వేరు ఖనిజాలని శాస్త్రం తేల్చింది 1783లో గాని కాదు. అంతకు ముందు వందల ఏళ్లపాటు రెండింటినీ చక్రవర్తులు ఒకే మోజుతో కొన్నారు. నాన్నగారి దృష్టిలో అందులో మోసమేమీ లేదు, రెండూ మంచి రాళ్లే. కొందరు స్పినెల్ అనగానే పెదవి విరుస్తారు. ఆ విరుపు నాకూ నచ్చదు.

ఇక పొదిగే పని. కుందనం అంటే రాళ్లు అని చాలామంది అనుకుంటారు. కుందనం అంటే బంగారం. ఇరవై నాలుగు క్యారెట్ల మేలిమి బంగారాన్ని రేకులుగా సాగగొట్టి తయారుచేసిన మెత్తని పదార్థం. మామూలు నగలో రాయిని బంగారు గోళ్లతో పట్టి ఉంచుతారు. కుందనం పనిలో గోళ్లు ఉండవు, కరిగించి అతికే టాంకా ఉండదు, మంట ఉండదు. రాయిని దాని గుంటలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న సన్నని సందులో ఆ మేలిమి రేకును పొర మీద పొరగా పెట్టి ఉక్కు కలంతో అదుముతూ పోతే, మలినం లేని బంగారం బంగారానికి చల్లగా ఉండగానే అతుక్కుపోయి, చివరకు ఒకే కడ్డీలా గట్టిపడి రాయిని పట్టుకుంటుంది. బంగారానికి తుప్పు పొర పట్టదు కనుకనే ఇది సాధ్యం. జేడ్ మీద మంట పెడితే రాయి చెడిపోతుంది. కనుక దాని మీద రత్నాలు పొదగాలంటే ఈ చల్లని పని తప్ప దారి లేదు. గుంటను లోపలికి వెళ్లేకొద్దీ కొంచెం వెడల్పుగా అరగదీస్తారని, ఆ వెడల్పులోకి దిగిన బంగారం మళ్లీ పైకి రాలేదని నాన్నగారు చేతివేళ్లతో గాలిలో గీసి చూపించారు. ఆయన కుడి బొటనవేలి గోరు పక్కన చర్మం ఇప్పటికీ గట్టిగా ఉంటుంది; కలం అదిమి అదిమి కాసిన కాయ అది, పని మానేసి పద్నాలుగేళ్లయినా పోలేదు.

“ముంగట అందరు జూస్తరు బిడ్డా. పని తెల్వాలంటే ఎనక జూడాలె,” అని ఆయన మా అమ్మాయితో అన్నారు.

ఎనక ఏముంటుంది అని అమ్మాయి అడిగింది. అప్పుడు ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను. పాత నగల్లో రాయి వెనుక మూసి ఉంటుంది. ఇప్పటి క్లోజ్ సెట్టింగ్, ఓపెన్ సెట్టింగ్ అనే మాటలు ఆ తేడాను చెప్పేవే. ఓపెన్ సెట్టింగ్‌లో కాంతి వెనుక నుంచి కూడా వస్తుంది. మూసిన పనిలో ముందు నుంచి వచ్చిన కాంతే వెనక్కు తిరిగి రావాలి. అందుకు రాయి కింద మెరిసే పలుచని రేకు ఒకటి పరుస్తారు. రాయి రంగు ఎలా కనిపించాలో ఆ రేకే నిర్ణయిస్తుంది. పలుచని రంగున్న కెంపుల వరుసను అన్నీ ఒకే చాయగా కనిపించేట్టు చేసేది ఆ రేకును మలిచినవాడి నేర్పు. రేకు కింద లక్క, లక్క కింద బంగారు తగడు. నీళ్లు ఒక్క చుక్క లోపలికి పోతే రేకు నల్లబడుతుంది, రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రాళ్ల నగలతో తలంటు పోసుకోవద్దని చెప్పింది ఇందుకే. ఇక మేలిమి బంగారం మెత్తన కనుక ఒంటికి రాసుకొని అరిగిపోకుండా తగడు వెనుక మీనా వేస్తారు; చిలకలు, తామరలు, తీగలు, అన్నీ అక్కడే. వాటిని చూసేది నగ పెట్టుకునే మనిషి, తయారుచేసిన మనిషి, ఇద్దరే.

ఏ మ్యూజియమైనా నగలను ప్రదర్శించేటప్పుడు కనీసం కొన్నింటి కింద ఒక చిన్న అద్దం అమర్చితే ఎంత బాగుంటుంది అని నాకు అక్కడ నిలబడి ఉండగా అనిపించింది. అది లేకపోయినా వెనుక వైపు తీసిన ఒక ఫోటో పక్కన ఉంటే చాలు. ఈ మాటను నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. రాజు పేరు, ఏలిన సంవత్సరాలు, రాళ్ల పేర్లు చదువుకొని పిల్లలు పక్క పెట్టెకు వెళ్లిపోతారు. వెనుక కనిపిస్తే ఆగుతారు, ఇది ఎలా చేశారు అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిన చోట పని బతుకుతుంది. మా నాన్నగారి గదిలో ఒకప్పుడు ఆరుగురు పని చేసేవారు. ఆయన మానేసే నాటికి ఇద్దరే మిగిలారు, వాళ్లిద్దరి పిల్లలూ వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. నేనూ ఆ పని నేర్చుకోలేదు.

అత్తమ్మ అంతవరకు ఎక్కువగా మాట్లాడలేదు. ఒక బల్ల మీద కూర్చొని మోకాలు రుద్దుకుంటూ వింటున్న ఆమె, వజ్రాల మాట వచ్చేసరికి లేచి వచ్చారు. “మా పక్క తొలకరి వాన పడితే సాలు అన్నయ్యా, ఊరూ వాడా చేలల్లోనే ఉంటారు,” అన్నారు. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, అటు అనంతపురం జిల్లాలో వజ్రకరూరు, ఈ పల్లెల ఎర్రనేలల్లో వాన మట్టిని కడిగినప్పుడు అప్పుడప్పుడు వజ్రం బయటపడుతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం మూటాముల్లె కట్టుకొని వచ్చి, గుళ్ల అరుగుల మీద పడుకొని, పొద్దు పొడవగానే చేలల్లోకి దిగుతారు. అత్తమ్మ చిన్నప్పుడు వాళ్ల నాయనతో కలిసి వెళ్లేవారట. ఏటవాలు ఎండకు ఎదురుగా నడవాలని, కింద ఏదైనా తళుక్కుమంటే దాని మీద నుంచి చూపు తిప్పకుండా అలాగే వంగాలని నేర్పారట. తళుక్కుమన్నది నూటికి నూరు సార్లూ పలుగురాయే అయ్యేదని చెబుతూ ఆమె నవ్వారు.

అది వజ్రం కాదని ఎలా తెలిసేది అని అబ్బాయి అడిగాడు. వజ్రం నాలుక మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందని వాళ్ల నాయన చెప్పేవారట. నాన్నగారు వెంటనే తల ఊపారు. వాళ్ల పనిలోనూ అదే పద్ధతి: రాయి మీద నోటి ఆవిరి ఊదితే గాజు మీద మసక కొంతసేపు నిలుస్తుంది, వజ్రం మీద చూస్తుండగానే పోతుంది. వజ్రం వేడిని రాగి కన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేసుకుంటుంది. ఇప్పటి దుకాణాల్లో పెన్నులాంటి పరికరంతో చేసే పరీక్ష కూడా ఆ గుణాన్ని కొలవడమే. తుగ్గలి చేలో వంగిన రైతు, గుల్జార్ హౌజ్ మేడ మీద కూర్చొన్న పనివాడు, ఎప్పుడూ ఒకరినొకరు చూడకుండానే ఒకే పరీక్ష చేశారు. వియ్యంకుడు, వియ్యపురాలు ఆ తరువాత అరగంట సేపు మమ్మల్ని మరచిపోయి మాట్లాడుకున్నారు. మా పెళ్లయిన పదహారేళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు.

గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదన్న సంగతి మా అమ్మాయికి అప్పుడే తెలిసింది. కోట దగ్గర ఉన్నది అంగడి. ఆ కోట దగ్గరి కార్వాన్ పేటలో వర్తకులు, సాన పట్టేవారు ఉండేవారు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల లాంటి చోట్ల ఉండేవి. పదిహేడవ శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, అక్కడ ఆడా మగా పిల్లా పెద్దా కలిసి దాదాపు 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడిన పద్దెనిమిదవ శతాబ్దం వరకు ప్రపంచంలో పెద్ద వజ్రమంటే మన నేలదే. నత్రజని దాదాపు లేనంత స్వచ్ఛమైన వజ్రాలకు వర్తకులు ఇప్పటికీ గోల్కొండ పేరే వాడుతున్నారు. కొల్లూరులో దొరికిన రీజెంట్ వజ్రం పారిస్‌లో ఉంది. అక్కడిదే అని చరిత్రకారులు భావించే హోప్ వజ్రం వాషింగ్టన్‌లో, అలాగే చెప్పుకునే కోహినూరు లండన్‌లో ఉన్నాయి. కొల్లూరు పులిచింతల జలాశయం అడుగున ఉంది. నిజాం నగలు మళ్లీ 2019లో ఢిల్లీలో ప్రదర్శనకు వచ్చినప్పుడు నాన్నగారికి వెళ్లాలని ఉన్నా మోకాళ్లు సహకరించలేదు. ఆ 173 నగలూ హైదరాబాదులో శాశ్వతంగా ఉండాలని ఇక్కడివాళ్లు ఎంతోకాలంగా అడుగుతున్నారు. నేనూ అడుగుతున్నాను. రాయి పుట్టుక తెలిసిన అత్తమ్మలాంటి వాళ్లు, పని తెలిసిన నాన్నగారిలాంటి వాళ్లు బస్సెక్కి వచ్చి చూడగలిగినంత దూరంలో అవి ఉండాలి.

పిల్లల కోసం సంగీత గడియారం దగ్గరకు కూడా వెళ్లాము. గడ్డం బొమ్మ వచ్చి గంట కొట్టింది, అందరూ చూశారు. పాలరాతి శిల్పం ముసుగు రెబెక్కా దగ్గర అత్తమ్మ ఆ పలుచని మేలిముసుగు రాయేనా అని రెండుసార్లు అడిగారు. చీకటి పడేసరికి ఇంటికి చేరాము.

రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి, నాన్నమ్మ అడ్డిగ చూపించమని తాతను అడిగింది. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. మెడకు పెట్టుకునే ఆ కెంపుల అడ్డిగను నాన్నగారు మా అమ్మ కోసం స్వయంగా చేశారు. పగలంతా ఇతరుల నగలు చేసి, రాత్రుళ్లు ఇంట్లో చేసుకున్నది. బీరువాలోంచి తీసి గుడ్డ విప్పగానే అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకొని, ముందు వైపు చూడకుండా నేరుగా తిరగేసింది. మీనా లేదు, మాకు అంత స్తోమత ఉండేది కాదు. సాదా తగడు. కాని ఒక చోట తగడు రంగు కొద్దిగా వేరుగా ఉంది, అంచు వెంబడి సన్నని గీత ఉంది.

ఇక్కడ విప్పి మళ్లీ మూశారు కదా తాతా అంది. 2003లో గోదావరి పుష్కరాలకు ధర్మపురి వెళ్లినప్పుడు అమ్మ మరచిపోయి మెడలో అడ్డిగతోనే మునిగింది. నీళ్లు లోపలికి పోయాయి. మూడు రాళ్ల కింద రేకులు నల్లబడితే ఆయన విప్పి రెండింటికి మార్చారు, మూడోదానికి సరిపడే చాయ రేకు ఆ రోజుకు దొరకలేదు. తరువాత మారుస్తానని మూసేశారు, తరువాత అమ్మ మార్చనివ్వలేదు.

“ఏది మరి ఆ రాయి?” అని అబ్బాయి అడిగాడు.

“మీరే జెప్పుండ్రి,” అని నాన్నగారు తన పాత భూతద్దం అమ్మాయి చేతికిచ్చి, బల్ల దీపాన్ని కొంచెం పక్కకు జరిపారు. అమ్మాయి అడ్డిగను వెలుగులో నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ ఒక్కొక్క రాయినీ దాటుకుంటూ వచ్చి, ఎడమ నుంచి నాలుగోదాని దగ్గర ఆగింది.